కెమెరా సంచి పక్కన ఉండాల్సిన రెండో సంచి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మీ జిల్లా సంచికలో పెళ్లి ఫొటోల మీద ఏదో ఒక కథనం ఉంటుంది. డ్రోన్లు, కొత్త కెమెరాలు, లక్నవరం వంతెన మీదా రామప్ప చెరువు గట్టు మీదా పెళ్లికి ముందు తీసే ఫొటోలు. అన్నీ శ్రద్ధగా చదువుతాను. అయితే పెళ్లి రోజున కెమెరా మొరాయించి పని ఆగిపోవడం చాలా అరుదు. పిన్నీసు దొరక్క ఆగుతుంది, ప్లగ్గు పట్టక ఆగుతుంది, ఎండదెబ్బకు ఫొటోగ్రాఫర్ కూలబడితే ఆగుతుంది. వీటి గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను హనుమకొండలో ఉంటూ పెళ్లి ఫొటోలు తీస్తాను. పరకాల, నర్సంపేట, ములుగు మొదలు హుజూరాబాద్, జగిత్యాల దాకా తిరుగుతాను. ఆడదాన్ని కావడంతో పెళ్లికూతురి గదిలోకి ముందుగా నన్నే పిలుస్తారు. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి రోజే కెమెరా ఇవ్వను, పెళ్లి రోజు అవసరపడే చిల్లర సామాను పెట్టుకునే రెండో సంచి సర్దమంటాను. కొందరు చిన్నబుచ్చుకుంటారు. అప్పు చేసి లక్షలు పోసి కెమెరా కొనుక్కుని వచ్చిన పిల్లలకు సూది, దారం సర్దమంటే అలాగే ఉంటుంది. ఒక వైశాఖం గడిస్తే వాళ్లే అడగకుండా సర్దుకుంటారు.

ఆ సంచిలో అన్నిటికంటే పైన ఉండేది ఒక పాత మిఠాయి డబ్బా. అందులో మూడు సైజుల పిన్నీసులు, జడపిన్నులు, బొట్టుబిళ్లల అట్ట, చిన్న కత్తెర, దారం ఎక్కించి ఉంచిన సూదులు ఉంటాయి. దారం ఇంటి దగ్గరే ఎక్కించుకోవాలి. ముహూర్తం దగ్గర పడి నలుగురూ అరుస్తున్న గదిలో సూది బెజ్జం ఎవరి కంటికీ ఆనదు. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు, తెలుపు ఉంటే మన వైపు పట్టుచీరలకూ తలంబ్రాల తెల్లచీరకూ సరిపోతుంది. పెద్ద పిన్నీసు భుజం మీద కొంగుకు, చిన్నవి కుచ్చిళ్లకు. జరీ మీద నేరుగా గుచ్చితే పోగు లేస్తుంది, కింద చిన్న గుడ్డముక్క పెట్టి గుచ్చాలి.

నర్సంపేట దగ్గర ఒక పల్లెలో జరిగింది చెబుతాను. పెళ్లికూతురి మగ్గం పని జాకెట్టుకు చంక దగ్గర కుట్టు విడిపోయింది. బయట పురోహితుడు "అమ్మాయిని తీసుకురండి" అని రెండోసారి పిలిచారు. మేనత్త జాకెట్టు మార్చేద్దామంటోంది, వాళ్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పిల్ల మాత్రం నా చెయ్యి పట్టుకుని "అక్కా, ఏదైనా చెయ్యి" అంది. బంగారు రంగు దారంతో లోపలివైపు నుంచి దగ్గర దగ్గరగా కుట్లు వేశాను. పూసలు ఉన్నచోట సూది దిగలేదు. పక్కనుంచి తిప్పి, రెండు ముడులు వేసి, దారం పళ్లతో తెంపాను. జీలకర్ర బెల్లం పెట్టడానికి చెయ్యి ఎత్తినప్పుడు ఆ కుట్టు నిలవాలి, తలంబ్రాలకు ఇంకా పైకి ఎత్తినప్పుడూ నిలవాలి. నిలిచింది. తలంబ్రాల ఫొటోలో ఆ అమ్మాయి రెండు చేతులూ బాగా పైకెత్తి పెళ్లికొడుకు తల మీద పోస్తూ పగలబడి నవ్వుతోంది. ఆ ఫొటోకు నా లెన్సు ఎంత కారణమో ఆ దారం కూడా అంతే కారణమని నేను నమ్ముతాను.

డబ్బా కింద శుభలేఖ, ఒక పెన్సిలు. శుభలేఖ వెనుక దగ్గరి బంధువుల జాబితా రాసుకుంటాను. మేనమామలెవరు, కన్యాదానం చేసేదెవరు, నడవలేని పెద్దవాళ్లెవరు, వాళ్లు ఎక్కడ కూర్చుంటారు. ముందు రోజే పెళ్లికూతురి తల్లిని అడిగి రాసుకోవాలి, పెళ్లినాడు ఆమెకు ఊపిరాడదు. కుర్చీలో ఒక మూల కూర్చున్న నానమ్మ దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లి వంగి ఫొటో తీయాలి. తర్వాత ఏళ్లకు ఇంట్లో గోడ మీద పటం కట్టించుకోవడానికి వెతికేది ఆ ఫొటోనే. అది లేదని చెప్పాల్సి వస్తే ఎంత ఖరీదైన ఆల్బమ్ ఇచ్చినా ఆ ఇంటి బాధ తీరదు.

ఇక కరెంటు. పల్లె పెళ్లిళ్లలో పందిరి కింద బోర్డులు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ప్లగ్గు ఉండదు, వైరు కొనలు ఒలిచి రంధ్రాల్లో పెట్టి అగ్గిపుల్లలతో బిగిస్తారు. మా కుర్రాళ్లు ఆ పక్కనే ఛార్జరు గుచ్చుతారు, లైటు స్టాండ్లు నిలబెడతారు. దయచేసి అలా చేయవద్దు. మూడు పిన్నుల మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు, టెస్టరు, ఇన్సులేషన్ టేపు, రబ్బరు అడుగున్న చెప్పులు మీ సంచిలోనే ఉండాలి. ఎర్తు పిన్ను విరగ్గొట్టి రెండు రంధ్రాల్లోకి తోయడం మన ప్రాణాన్ని మనమే పణంగా పెట్టడం. వాన పడి నేల తడిస్తే ఆ బోర్డు జోలికి వెళ్లవద్దు, ఛార్జయిన బ్యాటరీలతోనే పని కానివ్వండి. నేల మీద పోయే వైరుకు టేపు అంటించండి. పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ దానికి తట్టుకుని పడితే ఆ పాపం ఎవరిది?

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. రామగుండం, గోదావరిఖని, భూపాలపల్లి వైపు వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో మధ్యాహ్నం ముహూర్తమంటే ఆ మాట నిజమని ఒంటికే తెలుస్తుంది. అందుకని ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు పెట్టుకుంటాను. ఒక ప్యాకెట్టు మొత్తం అట్ట మీద రాసినన్ని నీళ్లకే కలపాలి, పెద్దదైతే సరిగ్గా లీటరుకు. సగం ప్యాకెట్టు గ్లాసులో కలుపుకుని తాగితే ఉప్పు, చక్కెర, నీళ్ల పాళ్లు తప్పుతాయి, మేలు జరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లు లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. కాబట్టి మందుల దుకాణంలో అట్ట మీది వివరాలు చదివి కొనండి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడగండి.

నూలు మేజోళ్లు రెండు జతలు తప్పకుండా ఉండాలి. మండపం ఎక్కేటప్పుడు చెప్పులు విడవాలి. ఎండకు కాగిన రాతి మెట్ల మీద కన్ను కెమెరాకు ఆనించి వెనక్కి నడవాలి. హోమం దగ్గర నెయ్యి పొగ పట్టిన లెన్సు తుడవడానికి శుభ్రమైన మెత్తని గుడ్డ విడిగా కవరులో ఉంచండి, చెమట తుడుచుకునే తువ్వాలుతో తుడవకండి. వాన కాలమైతే పెద్ద ప్లాస్టిక్ సంచులు రెండు మడిచి పెట్టుకోండి, అంతకంటే ఖరీదైనవి అక్కరలేదు.

బరాత్ గురించి ఒక మాట. 85 డెసిబెళ్ల మోతలో ఎనిమిది గంటలకు మించి ఉండకూడదని, 100 డెసిబెళ్లయితే పదిహేను నిమిషాలే హద్దని అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ లెక్క చెబుతుంది. మనం డీజే బాక్సుల ముందు వాటికే ఎదురుగా గంటల తరబడి నడుస్తాం. రాత్రి 10 దాటాక బయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి, అవి అమలయ్యేదాకా మన చెవులు ఆగవు. మెత్తని స్పాంజి బిరడాలు కొద్ది రూపాయలకే దొరుకుతాయి. కొని పెట్టుకోండి. బరాత్ ముగిశాక ఏ రాత్రివేళో బైకు మీద ఇల్లు చేరాలి, వెనుక కూర్చునే కుర్రాడికీ హెల్మెటు తెచ్చుకోండి. పని ముగిసిన మెమరీ కార్డులు నడుముకు కట్టుకునే చిన్న సంచిలో పెట్టుకోండి. పెద్ద సంచి ఎక్కడైనా మరిచిపోవచ్చు, నడుముకున్నది ఒంటి మీదే ఉంటుంది.

తిండి సంగతి చెప్పాలి. మాకు విస్తరి పడేది చివరి బంతిలో, అప్పటికి కూరలు అడుగంటుతాయి. పల్లీ పట్టీలు, ఖర్జూరాలు, అరటిపండ్లు సంచిలో ఉంటే కళ్లు తిరగవు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘంలోనే వస్తుంది, మాఘంలోనే మంచి ముహూర్తాలూ ఉంటాయి. జాతర ఏడాది ములుగు దాటి పస్రా, తాడ్వాయి వైపు పెళ్లి ఒప్పుకున్నవాళ్లు దారిలో గంటల తరబడి నిలిచిపోవడానికి సిద్ధపడి నీళ్లు, తిండి ముందే తీసుకెళ్లాలి.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం నీళ్లే. ఈ పనిలోకి ఇప్పుడిప్పుడే అమ్మాయిలు వస్తున్నారు. ఫొటోలు తీసేవాళ్లు, పెళ్లికూతురిని ముస్తాబు చేసేవాళ్లు, మెహందీ పెట్టేవాళ్లు. తెల్లవారుజామున వచ్చి అప్పగింతల దాకా ఉంటారు. వెళ్లడానికి చోటు ఉండదేమోనన్న భయంతో రోజంతా నీళ్లు మానేస్తారు. ఎండాకాలంలో అలా చేస్తే మూత్రంలో మంట, జ్వరం రావచ్చు, మందులు వాడాల్సి రావచ్చు. మా సంచిలో నెలసరి ప్యాడ్లు, కాగితం సబ్బు, టార్చి, పాత దినపత్రిక, మరో జత బట్టలు ఎప్పుడూ ఉంటాయి. పెళ్లికి వచ్చిన ఆడపిల్లలెవరైనా చెవిలో అడిగితే ప్యాడ్లు వాళ్లకూ ఇస్తాం. అయితే సంచిలో పెట్టుకుని మోసుకెళ్లలేనిది ఒకటుంది, అది మరుగుదొడ్డి. పని ఒప్పుకునే రోజే అడగమని నా దగ్గరున్న అమ్మాయిలకు నేర్పాను: గడియపడే మరుగుదొడ్డి ఎక్కడుంది, బట్టలు మార్చుకోవడానికి, సంచులు పెట్టుకోవడానికి గది ఉందా, భోజనం ఎప్పుడు? అడిగితే తప్పుగా అనుకున్నవాళ్లు తక్కువ. పల్లెల్లో అయితే పక్కింటి తలుపు తెరిపించి "బిడ్డా, మనింట్లోకి వెళ్లు" అన్న తల్లులే ఎక్కువ.

అందుకే మీ పత్రిక ద్వారా ముగ్గురిని కోరుతున్నాను. ఫంక్షన్ హాళ్ల యజమానులు పని చేసేవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, నీళ్లు వచ్చే, గడియపడే ఒక మరుగుదొడ్డిని కేటాయించి దాని తాళం వాచ్‌మన్ దగ్గర ఉంచాలి. వంటవాళ్లు, పూలు కట్టేవాళ్లు, ఊడ్చేవాళ్లు కూడా దాన్నే వాడుకుంటారు. జిల్లాల్లోని ఫొటోగ్రాఫర్ల సంఘాలు కొత్త కెమెరాల మీద పెట్టే శిక్షణలో ఒక పూట కరెంటు జాగ్రత్తలకు, ఎండదెబ్బకు చేసే ప్రథమ చికిత్సకు కేటాయించాలి. పెళ్లి చేసే ఇంటివారు ఫొటోగ్రాఫర్లతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఆల్బమ్ పేజీల లెక్క కింద ఒక గది, వేళకు భోజనం అని మరో వరుస చేర్చాలి. వచ్చే ముహూర్తాలు మొదలవకముందే ఈ ఉత్తరం అచ్చయితే ఆ వరుస చేర్చడానికి అందరికీ సమయం ఉంటుంది.

ఇట్లు,
ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్,
హనుమకొండ