ఆదివారం ఫలితాలు మారాయి: 14వ బోర్డులో తప్పు మాదే

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మన హాల్లో జరిగిన డూప్లికేట్ బ్రిడ్జ్ (ఒకే పంపకాన్ని అన్ని టేబుళ్లలోనూ ఆడించి స్కోర్లు పోల్చే పేకాట) జంటల పోటీలో మొదటి స్థానం మారింది. బహుమతి అందుకుని సంతోషంగా ఇంటికి వెళ్లిన జంటకు సోమవారం ఉదయం ఫోన్ చేసి ఆ మాట నేనే చెప్పాను. హాలు పెట్టిన తరువాత నేను చేసిన ఫోన్లలో అంత ఇబ్బందిపడి చేసినది మరొకటి లేదు.

జరిగింది ఇది. 14 టేబుళ్లు వచ్చాయి కాబట్టి ఏడేసి టేబుళ్లతో ఎ, బి అని రెండు సెక్షన్లు చేశాం. 28 బోర్డులు (ఒక పంపకంలోని నాలుగు చేతులను నాలుగు అరల్లో ఉంచే పళ్లేలు), అవే పంపకాలతో సెక్షన్‌కొకటి చొప్పున రెండు సెట్లు. మన దగ్గర ముక్కలు పంచే యంత్రం లేదని మీకు తెలుసు. కంప్యూటర్ ఇచ్చిన కాగితం చూసి శనివారం రాత్రి నేనూ మా ఆవిడా చేత్తోనే బోర్డులు నింపుతాం. బి సెట్టులోని 14వ బోర్డు నింపింది నేనే. సౌత్‌కు (నలుగురు ఆటగాళ్లనూ దిక్కుల పేర్లతో పిలుస్తాం) వెళ్లాల్సిన ఇస్పేటు రాణిని వెస్ట్ అరలోనూ, వెస్ట్‌కు వెళ్లాల్సిన కళావరు రాణిని సౌత్ అరలోనూ పెట్టాను. రెండూ నల్ల రాణులే, అప్పటికి రాత్రి పదకొండు దాటింది. అది కారణమే కానీ సాకు కాదు.

ఈ తప్పుతో చిక్కేమిటంటే, ఎవరు లెక్కపెట్టినా 13 ముక్కలు సరిగ్గానే ఉంటాయి. ముక్కలు చూసేముందు బోర్లించి లెక్కపెట్టుకోవాలన్న నియమాన్ని మీరందరూ పాటించారు. అయినా దొరకలేదు, దొరకదు కూడా. ఎ సెక్షన్‌లో నాలుగు ఇస్పేట్లు పాడినవారందరికీ, అంటే ఇస్పేటు తురుపుగా పది ట్రిక్కులు (పట్లు) తీస్తామని చెప్పినవారందరికీ, ఆట వచ్చింది. బి సెక్షన్‌లో అదే పాట పాడిన ఆరు జంటలూ ఒక ట్రిక్కు తక్కువై 50 పోగొట్టుకున్నాయి. పదో ట్రిక్కు ఆ తురుపు రాణితోనే పోయింది. ఒక్క జంట మాత్రం మూడు ఇస్పేట్ల దగ్గర ఆగి, తొమ్మిది ట్రిక్కులు తీసి 140 రాసుకుంది.

ఫలితాలు గోడకు అంటించిన ఇరవై నిమిషాలకు బి సెక్షన్‌లో ఆడిన ఒక మేడమ్ పంపకాల కాగితం పట్టుకుని వచ్చి, ‘‘ఈ రాణి నా చేతికి రాలేదండీ’’ అన్నారు. బోర్డు తెరిచి చూస్తే ఆవిడ మాటే నిజం. స్కోరు మీద అభ్యంతరాలకు వేరే గడువు ప్రకటించకపోతే నియమాల ప్రకారం 30 నిమిషాలు ఉంటుంది. ఆవిడ ఆ లోపలే అడిగారు.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను, నా దృష్టిలో ఇదే పెద్దది. అందరూ ఇళ్లకు బయలుదేరుతున్నారన్న తొందరలో ఆ బోర్డు మీద బి సెక్షన్ మొత్తానికి 60 శాతం ఇచ్చేసి బహుమతులు పంచాను. 60 శాతమన్నది బోర్డు ఆడటమే కుదరనప్పుడు, తమ తప్పేమీ లేని జంటకు ఇచ్చే ఊరట. ఇక్కడ ఏడు టేబుళ్లూ ఆడాయి, ఏడు స్కోర్లూ ఉన్నాయి. ముక్కలు మారినా ఆ ఏడు టేబుళ్లకూ మారింది ఒకేలా. ఇలాంటప్పుడు ఏం చేయాలో బ్రిడ్జ్ నియమావళిలోని 87వ నియమం చెబుతుంది: సరైన ముక్కలతో ఆడినవారిని ఒక గుంపుగా, మారిన ముక్కలతో ఆడినవారిని మరో గుంపుగా విడదీసి, ఏ గుంపును ఆ గుంపులోనే పోల్చాలి.

సోమవారం అలాగే చేశాను. ఒక జంటను ఓడిస్తే 2, సమమైతే 1 చొప్పున 14 స్కోర్లలో గరిష్ఠం 26. ఏడు స్కోర్ల గుంపులో గరిష్ఠం 12. దాన్ని 26కి సాగదీయడానికి న్యూబర్గ్ సూత్రం వాడతారు: వచ్చిన దానికి ఒకటి కలిపి, రెండుతో గుణించి (14ను 7తో భాగిస్తే వచ్చే రెండు), ఒకటి తీసేయాలి. 12 కాస్తా 25 అవుతుంది, 26 కాదు. ఏడుగురిలో పైన ఉన్నవారు పద్నాలుగు మందిలోనూ పైనే ఉంటారన్న హామీ లేదు కదా. 50 పోగొట్టుకున్న ఆరు జంటలకు 5 పాయింట్లు, సూత్రం ప్రకారం 11.

మూడు ఇస్పేట్ల దగ్గర ఆగిన జంటకు నేను ఇచ్చింది 15.6 (26లో 60 శాతం), రావాల్సింది 25. దాంతో వారి మొత్తం 57.36 శాతం నుంచి 58.65కు పెరిగింది. మొదట గెలిచినట్టు ప్రకటించిన జంట ఆ ఆరింటిలో ఒకటి, 15.6 బదులు 11 రావడంతో 59.01 నుంచి 58.38కి దిగింది. ఆ టేబుల్లో ఎదురు కూర్చున్న ఈస్ట్-వెస్ట్ జంటకు మాత్రం 15.6 నుంచి 1కి పడింది. వారు నా మీద కోపంగా ఉన్నారు, ఉండాల్సిందే.

1967లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు రమ్మీ కేసులో సుప్రీంకోర్టు, రమ్మీలోని అదృష్టం బ్రిడ్జ్ పంపకంలోని అదృష్టం లాంటిదేనని అన్నది. ఆ అదృష్టాన్ని కూడా తీసేయడానికే మనం డూప్లికేట్ ఆడతాం. డబ్బు తీసుకుని ఆ పని చేయాల్సిన నేనే దాన్ని వెనక తలుపులోంచి లోపలికి రానిచ్చాను.

ఇచ్చిన బహుమతి వెనక్కి అడగను. అసలు విజేతలకు అలాంటిదే మరొకటి నా ఖర్చుతో ఇస్తున్నాను. ప్రవేశ రుసుము మాత్రం తిరిగి ఇవ్వడం లేదు. మిగిలిన 27 బోర్డులు సరిగ్గా ఉన్నాయి, ఈ నెల హాలు అద్దె కూడా కట్టాలి.

ఇకమీదట ఒకరు నింపిన బోర్డును మరొకరు తెరిచి, ఒక్కో అరలోని ముక్కలు పైకి చదువుతారు, నింపినవారు కాగితంతో సరిచూస్తారు. 56 బోర్డులకు ఇది చిన్న పని కాదు కాబట్టి శుక్రవారం రాత్రే మొదలుపెడతాం. యంత్రం కొనే స్తోమత ఈ ఏడాది లేదు. మా దగ్గర నింపిన బోర్డులు అద్దెకు తీసుకునే అపార్ట్‌మెంట్ క్లబ్బులవారు ఈ వారం తీసుకున్న సెట్లు తెచ్చిస్తే ఉచితంగా సరిచూసి ఇస్తాం. మీకూ ఒక విన్నపం: ఆట అయ్యాక చర్చ కోసం పక్కవారి ముక్కలు ముట్టుకోకండి. పోటీ మధ్యలో ముక్కలు తారుమారయ్యేది ఎక్కువగా అప్పుడే.

సవరించిన స్కోరు షీటు తలుపు పక్కన అంటించాను. బి సెట్టు 14వ బోర్డును ఉన్నది ఉన్నట్టే నా బల్ల మీద ఉంచాను. చూడాలనుకున్నవారు ఆదివారం కాస్త ముందుగా రండి.