బొగ్గు ఇంజిన్ చూడ్డానికి గుంతకల్లు వాళ్లం మైసూరు పోవాలా?

సంపాదకుల వారికి నమస్కారం.

మైసూరు రైలు మ్యూజియంలో మా బృందం దిగిన ఫొటో మీ జిల్లా పేజీలో వచ్చి పది రోజులైంది. ఎడమ చివర తల మీద తువ్వాలుతో నిలబడింది నేనే. దాని కింద మీరు 'టాయ్ ట్రైన్ ముందు సీనియర్ల సందడి' అని వేశారు. అయ్యా, అది టాయ్ ట్రైన్ కాదు, మీటరు వెడల్పు పట్టాల మీద నడిచిన మీటర్ గేజ్ బొగ్గు ఇంజిన్. పిల్లల్ని తిప్పే బుల్లి రైలు ఆ ఆవరణలోనే ఇంకో పక్క ఉంది. ఇక సందడి సంగతంటారా, నలభైమందిలో ముప్పైమందికి మోకాళ్ల నొప్పులు. ఈ తప్పు ఏ సముద్రం ఒడ్డు ఊరి వాళ్లో చేసుంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. గుంతకల్లు జంక్షన్ వార్తలు రాసే పత్రిక చేస్తే ఎట్లా ఊరుకునేది? ఆ రోజే రాద్దామనుకున్నా, కళ్లజోడు రిపేరుకిచ్చి ఉంటిని.

టూరు గురించి కూడా ఒక మాట. మనిషికి ఇంతని ముందే కట్టించుకున్న పెద్దమనిషి పట్టుచీరల దుకాణంలో రెండున్నర గంటలు కూర్చోబెట్టాడు. మ్యూజియానికి మాత్రం నలభై నిమిషాలు. 'బిన్నా రాండప్పా, బృందావన్ గార్డెన్ లైట్లు ఆర్పేస్తారు' అని గేటు దగ్గర నిలబడి ఒకటే విజిల్. దుకాణంలో ఆ విజిల్ ఏమైందో!

ఆ నలభై నిమిషాల్లోనే చూడాల్సినవి చూశాం. 1979లో మొదలుపెట్టిన మ్యూజియం అది. వంటగది, భోజనాల బండితో సహా 1899 నాటి మహారాణి సెలూన్, అంటే ఆమె ప్రయాణించే ప్రత్యేక రైలుపెట్టె, ఉంది. పట్టాల మీద నడిచేట్టు మార్చిన ఆస్టిన్ కారు ఉంది. కానీ మా వాళ్లంతా గుమిగూడింది ఇంజిన్ దగ్గరే. మాలో ఎనభై దాటిన ఒక పాత ఫైర్‌మ్యాన్, అంటే ఇంజిన్లో బొగ్గు వేసి మంట చూసుకునేవాడు, ఉన్నాడు. కాపలా మనిషి వద్దు వద్దంటున్నా మెట్లు పట్టుకుని పైకెక్కి, బొగ్గు మండే ఫైర్‌బాక్స్ తలుపు మీద చెయ్యేసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇక ఆగలేదు.

బొగ్గు కుప్పగా విసిరేవాడు ఫైర్‌మ్యానే కాదన్నాడు. మంట పలచగా, ఎక్కడా చిల్లు పడకుండా పరుచుకునేట్టు పార తిప్పాలంట. పొగగొట్టంలోంచి నల్లపొగ లేస్తే చూసేవాళ్లు ఆహా అంటారు గానీ, అది సగం కాలిన బొగ్గు, దండగ. అందుకే డ్రైవరు తిట్టేవాడట. అన్నిటికన్నా టెన్షన్ బాయిలర్లో నీటిమట్టం చూపించే గాజుగొట్టం దగ్గర. బాయిలర్లో నీళ్లు తగ్గి ఫైర్‌బాక్స్ నెత్తి బయటపడితే అక్కడి సీసం బిళ్ల కరిగి ఆవిరి మంట మీదికి దూకుతుంది. బిళ్ల కరిగిందంటే బండి ఆగినట్టే, ఉద్యోగం ఊగినట్టే. పక్కనే నిలబడ్డ కన్నడ పిల్లలకు ఆయన తెలుగు ఎంత అర్థమైందో గానీ, నోళ్లు తెరుచుకుని విన్నారు. మన జిల్లా పిల్లలకు ఈ పాఠం చెప్పేవాళ్లెవరు? ముప్పై మూడేళ్లు బడిలో చెప్పిన నాకే ఇందులో సగం తెలియదు, మా నాయన గుంతకల్లు లోకో షెడ్డులోనే (ఇంజిన్ల షెడ్డు) క్లీనరుగా చేరి ఫైర్‌మ్యాన్ అయినా సరే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మద్రాసు నుంచి వచ్చిన లైను, బొంబాయి నుంచి వచ్చిన లైను రాయచూరులో కలిసింది 1871లో. ఆ దారి కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా పోయిందే. తర్వాత బళ్లారి వైపు, నంద్యాల వైపు, బెంగుళూరు వైపు మీటర్ గేజ్ లైన్లు వచ్చి మా ఊరు జంక్షన్ అయింది. ఒకే స్టేషన్లో రెండు కొలతల పట్టాలు, ఈ బండి మూటలు ఆ బండికి మోసే హమాలీలు. 1956లో గుంతకల్లు రైల్వే డివిజన్ వచ్చింది. 1977లో దాన్ని దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకి మార్చారు. 2019లో విశాఖ కేంద్రంగా కొత్త జోన్ ప్రకటించి అందులోకి అన్నారు. బోర్డులు మార్చడంలో మనవాళ్లకు లోటు లేదు. 1893లో తెల్ల సిపాయిల నుంచి ఇద్దరు ఆడవాళ్లను కాపాడి ప్రాణం పోగొట్టుకున్న గేట్‌మన్ హంపన్న మా ఊరివాడే. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో ఒక్క గదైనా ఉండక్కర్లేదా?

అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో నాయన చేత సంతకం పెట్టించుకుని డ్యూటీకి పిలిచేవాడు. తెల్లారుజామున బూడిద గుంటల దగ్గర మా వీధి ఆడవాళ్లు కాలీకాలని బొగ్గు ఏరుకొచ్చి పొయ్యిలో వేసుకునేవాళ్లు. ఇవన్నీ ఏ మ్యూజియం గోడ మీద రాస్తారు?

కొన్నేళ్ల కిందట మేము పదిమంది పెద్దలం కలిసి ఒక కార్యాలయానికి అర్జీ పట్టుకెళ్లాం. పాత ఇంజిన్ ఒకటి, పాత దీపాలు, ఒంటి లైను మీద బండి పోవడానికి అనుమతి బిళ్ల ఇచ్చే టోకెన్ యంత్రాలు, ఫొటోలు పెట్టడానికి ఖాళీ షెడ్డు ఇవ్వమన్నాం. లోపలి అయ్యవారు ఫోన్లోంచి తల ఎత్తకుండానే 'ఏముందప్పా అందులో, ఇనుమే కదా' అన్నాడు. 'పరిశీలిస్తాం' అని ముద్ర కొట్టిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, మ్యూజియంలో పెట్టదగ్గ వస్తువే.

డబ్బుల్లేవంటే నమ్మను. 'ఐ లవ్' అని ఊరి పేరు రాసిన లైట్ల అక్షరాలు ఏ సెంటర్లో చూసినా మొలుస్తున్నాయి. మూడు నెలలకు సగం అక్షరాలు వెలగవు, వెలిగించే నాథుడుండడు. రోడ్డు గుంతల దగ్గర కూడా నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలకు కొరత లేదు. ఆ లైట్ల అక్షరాల దగ్గర జనం సెల్ఫీలు దిగితే అభివృద్ధి అంట. మీ పత్రికే నాలుగు కాలమ్‌లు వేసింది.

మనదేశంలో వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్ బొగ్గు ఇంజిన్ల తయారీ 1970లో, మీటర్ గేజ్‌వి 1972లో ఆగిపోయాయి. వాటి మీద పని చేసినవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మాతో వచ్చిన పెద్దాయన ఇంట్లో డ్యూటీకి వాడిన చేతి దీపం ఉంది. ఇత్తడి అడుగు, ఎరుపు, ఆకుపచ్చ అద్దాలు. పాత ఇనుపకొట్టువాడు ఇప్పటికే రెండుసార్లు బేరం చేశాడు. ఈసారి వస్తే ఇచ్చేస్తానన్నాడు కొడుకు. 'మ్యూజియం వాళ్లొస్తే ఊరికే ఇస్తా' అంటాడు తండ్రి. ఏ మ్యూజియం వాళ్లో ఎవరైనా చెప్తే ఆయనకు కబురు చేస్తాను.

అంతవరకూ కనీసం మీ చేతిలో ఉన్న పనైనా చేయండి. రేపటి జిల్లా పేజీలో ఒక మూల, చిన్న అక్షరాలతోనైనా సరే, ఆ ఫొటోలో ఉన్నది ఇంజిన్ అని సవరణ వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గుంతకల్లు, అనంతపురం జిల్లా.