కాలిన గాయం ఎంత లోతో ఇలా చూసుకోండి

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం మన బ్లాకులో ఒక బాబు చేతి మీద చిచ్చుబుడ్డి రవ్వలు పడ్డాయి. నేను వెళ్లేసరికే వాళ్ల బామ్మగారు టూత్‌పేస్టు దట్టంగా పూసేశారు. అది కడిగితే గానీ గాయం ఎంత లోతో కనపడలేదు. నర్సు బుద్ధి కదా, రాయకుండా ఉండలేకపోతున్నా.

చర్మం ఎర్రబడి మండుతూ, బొబ్బ లేకుంటే పైపొరే కాలింది, ఇది మొదటి డిగ్రీ, అంటే లోతులో మొదటి మెట్టు. వారంలో తగ్గిపోతుంది. బొబ్బలెక్కి, లోపల తడిగా గులాబీ రంగులో ఉండి, గాలి తగిలినా ప్రాణం విలవిల్లాడితే రెండో డిగ్రీ. బాబుది ఇదే. సాధారణంగా రెండు మూడు వారాల్లో మానుతుంది. మనల్ని మోసం చేసేది మూడోది. తెల్లగా మైనంలాగో, నల్లగా తోలులాగో గట్టిపడుతుంది, అక్కడ నొప్పే తెలియదు. "నొప్పి లేదుగా" అని ఊరుకోకండి, నరాల కొసలు కూడా కాలిపోయాయన్నమాట.

ఎంత మేర కాలిందో చూడటానికి, కాలినవాళ్ల అరచేయి వేళ్లతో కలిపి ఒంట్లో సుమారు 1 శాతం. పిల్లలకి పిల్లల చెయ్యే కొలత, మనది కాదు. ముఖం, చేతులు, పాదాలు, కీళ్ల దగ్గరైతే చిన్నదైనా డాక్టరుకి చూపించాల్సిందే. కరెంటు గాయం పైకి చుక్కంత ఉన్నా లోపల కండ కాలి ఉండొచ్చు.

ఏదైనా ముందు కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు. ఐసు వద్దు, పసుపూ వద్దు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసెయ్యండి. పెద్ద గాయమైతే 108కి ఫోన్ చేయండి, తర్వాత నాకు.