చిన్నమ్మలుకి, దాణా సంగతి

విశాఖపట్నం

చిన్నమ్మలూ,

నువ్వు పంపిన గుర్రం ఫొటోలు చూశాను. అమ్మ కూడా కళ్ళజోడు పెట్టుకుని చూసింది, పక్కన నువ్వెక్కడైనా కనపడతావేమోనని. మొన్న సింహాచలంలో బుల్లి పిన్ని కనపడి, నువ్వు గుర్రం మీంచి పడ్డావట కదా అంది. ఎవరు చెప్పారంటే తేల్చదు. దాని మాటల్లో సగం పుట్టింపులే, నేను పట్టించుకోలేదు. అయినా ఎప్పుడూ టైపు చేసేదానివి, ఈ మధ్య అన్నీ వాయిస్ మెసేజ్‌లే ఎందుకో? సరే, లావెక్కిన గుర్రానికి ఏ దాణా కొనాలని అడిగావు కదా, చెప్తాను.

జూలు కింద మెడ మీద కొవ్వు గట్టిపడి ఉంది, పక్కటెముకలు చేతికి తగలడం లేదన్నావు. ముందు బరువు తేల్చు. ముంగాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసి, దాన్ని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిర్ర చివరిదాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగించు. ఛాతీ 160, పొడవు 140 అయితే సుమారు 300 కిలోలు. టేపు పట్టడానికి ఎవరినైనా పిలుచుకో, ఒంటిచేత్తో అయ్యే పని కాదు. రెండు చేతులూ బాగున్నవాళ్ళకే కష్టమని అంటున్నానంతే.

300 కిలోలకి రోజుకి ఎండుగడ్డి అయిదు కిలోల లోపు, అంటే బరువులో నూటికి ఒకటిన్నర. అంతకన్నా తగ్గించాలంటే డాక్టరుగారిని అడక్కుండా చెయ్యకు. లావు గుర్రాన్ని ఉన్నట్టుండి పస్తు పెడితే ఒంట్లో కొవ్వంతా రక్తంలోకి దిగి ప్రాణం మీదికొస్తుంది. నువ్వూ పొద్దున్న టిఫిన్ మానేస్తున్నావని అమ్మకి అనుమానం.

నేను పశువుల ఆసుపత్రిలో చేసే రోజుల్లో వన్‌టౌన్‌లో ఒక పెళ్ళిగుర్రం ఉండేది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కదా, షెడ్డు దాటేది కాదు. మేత మాత్రం సీజన్లో పెట్టినంతా పెట్టేవాళ్ళు: ఉడకబెట్టిన ఉలవలు, తవుడు, పైన బెల్లం. శ్రావణంలో కబురొస్తే వెళ్ళాం. ముంగాళ్ళు ముందుకి చాచి, బరువంతా వెనక్కేసి నిలబడి ఉంది. గిట్ట మీద చెయ్యి వేస్తే కాలుతోంది. లామినైటిస్, అంటే గిట్టల లోపల వాపు. పిండి, తీపి ఎక్కువై ఇన్సులిన్ పెరిగితే లావు గుర్రాలకి దెబ్బ గిట్టల్లోనే తగులుతుంది. కాస్త తేరుకున్నాక యజమాని భయపడి అన్నీ ఆపేసి ఒట్టి వరిగడ్డి పడేశాడు. గుర్రం చిక్కింది, కానీ బొచ్చు గరుకెక్కింది, గిట్టలు పెచ్చులూడాయి. అప్పుడు డాక్టరుగారు గుర్రాల మినరల్ మిక్చరు, గుప్పెడు సోయా చెక్క మొదలెట్టించారు. అసలు అది అంతకుముందే కుంటుతోందట, ఎవరికీ తెలియనివ్వలేదన్నాడు యజమాని. గుర్రానికంటే నోరు లేదు. మనుషులకి ఉంది కదా.

కాబట్టి నువ్వు కొనాల్సింది రేషన్ బ్యాలెన్సర్. గడ్డి తగ్గినప్పుడు కేలరీలతో పాటు మాంసకృత్తులు, రాగి, జింకు, విటమిన్-ఇ కూడా తగ్గుతాయి, అది ఆ లోటు పూడుస్తుంది. సంచీ మీద రోజు మోతాదు చూడు. గ్రాముల్లో ఉంటే సరే, కిలోల్లో ఉంటే అది మామూలు దాణానే, సంచీ ముందువైపు ఏం బొమ్మ వేసినా. పిండి, చక్కెర కలిపి పది శాతానికి అటూ ఇటూ ఉండాలి, మొలాసిస్ (చెరుకు మడ్డి) వద్దు. పనిలేని 500 కిలోల గుర్రానికి రోజుకి రాగి 100, జింకు 400, సెలీనియం 1 మిల్లీగ్రాము, విటమిన్-ఇ 500 యూనిట్లు. మీ గుర్రం బరువుని బట్టి తగ్గించుకో. ఇది పెడుతూ ఇంకో సెలీనియం డబ్బా తెరవకు, ఎక్కువైతే జూలు, తోక ఊడి గిట్టలు పగులుతాయి. చవకని కోళ్ళదాణా ఎవరైనా అంటగడితే అస్సలు తీసుకోకు. అందులో మోనెన్సిన్ కలిసి ఉంటే కోడికి మందే, గుర్రానికి గుండె ఆగిపోతుంది. బీచ్‌లో గుర్రాలు తిప్పేవాళ్ళకి కూడా ఇదే చెప్తుంటాను, కొందరు వింటారు.

చూశావా, మళ్ళీ క్లాసు పీకేశాను. అమ్మ సున్నుండలు కొరియర్ చేసింది. గుర్రానికి ఒక్కటి కూడా పెట్టకు. హెల్మెట్ బకిల్ వదులుగా ఉందన్నావు, మార్పించావా?

కొనేముందు సంచీ వెనకవైపు ఫొటో తీసి పంపు. ఫొటో ఇంకెవరినైనా తియ్యమను. సంచీని నువ్వే రెండు చేతులతో ఎత్తి పట్టుకో, అక్షరాలు బాగా కనపడాలి నాకు.

నాన్న