ఫిర్యాదు: మెకాంగ్ డెల్టా యాత్రలో మాకు చూపించని నీటి సంత

మేనేజర్ గారికి,

నమస్కారం.

గత డిసెంబర్‌లో మీ సంస్థ ద్వారా అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, ఆరేళ్ళ మా పాప వియత్నాంలోని మెకాంగ్ డెల్టాకు వెళ్ళొచ్చాం. మీ ప్యాకేజీనే తీసుకోవడానికి కారణం ఒక్కటే. కాన్ థో నగరం దగ్గర కాలువ గట్టున హోమ్‌స్టే, తెల్లవారుజామున 5 గంటలకు పడవలో వెళ్ళి, నీటి మీద పడవల్లోనే సరుకు అమ్మే కై రాంగ్ సంత చూడడం అని అందులో రాసి ఉంది. మా నాన్న కోనసీమ లంకలో పుట్టి పెరిగారు. ఏటినే నమ్ముకుని బతికే ఊళ్ళు ఇంకో దేశంలో ఎలా ఉంటాయో చూడాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక.

తీరా వెళ్ళాక హోమ్‌స్టే లేదన్నారు. ఆ రాత్రి మమ్మల్ని 'మీ థో' (My Tho) అనే ఊళ్ళోనే హోటల్‌లో దింపారు. అక్కడినుంచి కాన్ థో సుమారు 100 కిలోమీటర్లు. ఆరున్నరకు బయలుదేరదీసి, దారిలో కొబ్బరి మిఠాయి దుకాణం దగ్గర ముప్పావుగంట ఆపారు. మేం పడవ ఎక్కేసరికి తొమ్మిదిన్నర దాటింది. కై రాంగ్ సంత తెల్లవారకముందే మొదలై ఎనిమిదింటికల్లా పలచబడుతుందని మీకు తెలియదా? రోడ్లు, వంతెనలు వచ్చాక ఆ సంతకు వచ్చే పడవలే తగ్గిపోయాయి. ఉన్న కాసిన్నీ మేం వెళ్ళేసరికి వెళ్ళిపోయాయి.

అమ్మే సరుకును పడవ ముందు పొడవాటి గడకు కట్టి ఎత్తడం అక్కడి వాడుక. దూరం నుంచే ఏ పడవలో ఏముందో తెలుస్తుంది. మేం చూసింది ఒక్క గడ. దానికి ఒక గుమ్మడికాయ వేలాడుతోంది. కింద ఒకావిడ బకెట్‌తో నీళ్ళు తోడి పడవ కడుక్కుంటోంది. నాన్న ఆ గడవైపే చాలాసేపు చూస్తూ కూర్చుని, "అయిపోయిందా అమ్మా?" అని ఆవిడను తెలుగులోనే అడిగారు. ఆవిడ నవ్వి చెయ్యి ఊపింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఇక భోజనం సంగతి. అమ్మ చేప ముట్టదని బుకింగ్‌లో రెండుసార్లు రాశాను. థోయ్ సోన్ దీవిలో ఒక తోటలో భోజనానికి కూర్చుంటే మా బల్ల మీద నిలువునా వేయించిన పెద్ద చేప పెట్టారు. కూరగాయల వేపుడులోనూ చేపల సాసే. అమ్మ ఉత్త అన్నంలో అరటిపండు కలుపుకుంది. అది చూసి తోట యజమానురాలు "చాయ్?" అని అడిగింది. అక్కడ ఆ మాటకు శాకాహారం అని అర్థం. చాంద్రమాసంలో 1, 15 రోజుల్లో బౌద్ధులు చాలామంది అదే తింటారు. కాసేపట్లో టోఫు, ఆకుకూర వేడివేడిగా వండి తెచ్చి, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే జరిగిపోయే పని అది. మీ గైడ్ చెప్పలేదు.

అన్నిటికన్నా భయపెట్టింది లైఫ్ జాకెట్. పిల్లల సైజువి ఉంటాయని ఫోన్‌లో హామీ ఇచ్చారు. కొబ్బరి కాలువల్లో చిన్న పడవ ఎక్కేటప్పుడు పెద్దవాళ్ళవే ఉన్నాయి. పాప వేసుకుంటే మెడ దగ్గర జారిపోతోంది. పడవ నడిపే ఆవిడే తాడుతో నడుముకు బిగించి కట్టింది. ఒడ్డుకు చేరేదాకా మా ఆవిడ పాప చెయ్యి వదల్లేదు. ఆ టెన్షన్‌లో కాలువ అందం ఎవరూ చూడలేదు.

అక్కడి మనుషుల మీద నాకే ఫిర్యాదూ లేదు. వాళ్ళు మమ్మల్ని చుట్టాల్లా చూసుకున్నారు. నా ఫిర్యాదు మీ మీదే. హోమ్‌స్టేకు, సంత పడవకు మా ఐదుగురి దగ్గర తీసుకున్న మొత్తం తిరిగి ఇవ్వండి. 'మీ థో'లో బస చేయించేటట్లయితే 5 గంటల సంత అనే మాట ప్యాకేజీలోంచి తీసేయండి. పిల్లల జాకెట్లు లేని పడవ ఎవరినీ ఎక్కించకండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బుకింగ్ రసీదు, మీరు పంపిన యాత్రా వివరం, పడవలో తీసిన ఫొటోలు జతచేశాను. ఫొటోల మీద సమయం కూడా ఉంది.

ఇట్లు,
మీ ప్రయాణికుడు