నింపితేనే చేరుతుంది, పారబోస్తేనే నిలబడుతుంది

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. తిట్టుకోకు, ఈసారి వడ్డీతో సహా రాస్తున్నా.

మొన్న మావాణ్ణి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. కురుసుర సబ్‌మెరైన్ ఉన్న ఆ రోడ్డులోనే ఇప్పుడు నేవీ పాత హెలికాప్టర్ యూహెచ్-3హెచ్‌ని కూడా పెట్టారు. 2007లో జలాశ్వ నౌకతో పాటు అమెరికా నుంచి ఆరు వచ్చాయి చూడు, ఆ రకం. ఇక్కడి నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచే ఎగిరేవి, 2024 జూన్‌లో రిటైరయ్యాయి. వీడు వంగి చూసి, "నాన్నా, దీని పొట్టేంటి పడవలా ఉంది?" అన్నాడు. పడవేరా మరి! సీకింగ్ జాతి కదా, నీళ్ల మీద దిగాల్సి వస్తే తేలాలి. సబ్‌మెరైన్లను వేటాడ్డానికి పుట్టిన బండి. తర్వాత నీళ్ల కింద శబ్దంతో వాటిని పసిగట్టే సోనార్ పీకేసి, ఆ జాగాలో మనుషుల్నీ సామాన్లనీ ఎక్కించారు. మనుషుల్ని తాడుతో పైకి లాగే వించ్ ఉండే చోటు చూపించాను, కుడి తలుపు పైన. అంతే, మనుషుల్ని కాపాడే హెలికాప్టర్ల మీద నా పాత పిచ్చి మళ్లీ లేచింది.

దీనికో దాయాది ఉంది. వెనకాల తలుపు కిందికి తెరుచుకుని సామాను ఎక్కించుకునే సీహెచ్-3 అనే రవాణా హెలికాప్టర్. వియత్నాం యుద్ధంలో అమెరికా విమానాలు ఉత్తరాన ఎక్కడో అడవిలో కూలిపోతుంటే, ఉన్న చిన్న హెలికాప్టర్లు అంతదూరం వెళ్లి రాలేకపోయేవి. అందుకని 1965లో ఈ సామాన్ల బండినే తీసుకుని మార్చడం మొదలుపెట్టారు. కవచం పలకలు, బయట అదనపు ఇంధనం ట్యాంకులు, పొడవాటి తాడున్న వించ్. కొత్త పేరు హెచ్‌హెచ్-3ఈ. ఆకుపచ్చ రంగు, భారీ ఆకారం చూసి సిబ్బంది 'జాలీ గ్రీన్ జెయింట్' అన్నారు.

అసలు తంటా ఇక్కడే ఉందిరా. హెలికాప్టర్ ముందుకు పోతున్నప్పుడు గాలి కొంత సాయం చేస్తుంది. ఒక్కచోట కదలకుండా నిలబడాలంటే మాత్రం భారమంతా ఇంజన్ల మీదే. సైకిల్ వెనక గ్యాస్ సిలిండర్ కట్టుకుని తొక్కడం ఒకెత్తు, కాలు కింద పెట్టకుండా ఆపి నిలబెట్టడం ఒకెత్తు. పైగా ఎండ వేడికీ, కొండల ఎత్తుకీ గాలి పల్చబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది. అంటే దూరం వెళ్లాలంటే ఇంధనం దండిగా ఉండాలి, అక్కడ నిలబడి మనిషిని లాగాలంటే బండి తేలిగ్గా ఉండాలి. కవచం బరువు ఎలాగూ తప్పదు. కొన్నిసార్లు పైలట్లు కొండ మీదికి చేరాక ఇంధనం గాల్లోనే పారబోసి, బరువు దించుకుని నిలబడేవాళ్లు. మరి తిరిగి రావడం ఎలా?

గాల్లోనే నింపుకుంటే సరి! 1965 డిసెంబరులో నార్త్ కరోలినాలోని చెర్రీ పాయింట్ దగ్గర గాల్లో ఇంధనం అందించే విమానం, సీ-130 ట్యాంకర్ వెనక సీహెచ్-3ని పెట్టి చూశారు. ట్యాంకర్ పడిపోకుండా ఎంత నెమ్మదిగా పోగలదో అంత నెమ్మదిగా పోతుంది, వెనక హెలికాప్టర్ ఉన్న వేగమంతా కూడగట్టుకుని దాన్ని అందుకోవాలి. తన ముక్కు పక్క నుంచి ముందుకు సాగే గొట్టాన్ని, ట్యాంకర్ నుంచి వేలాడుతూ ఊగుతున్న పైపు చివర గుచ్చాలి. ఆ పైపు పైన తిరిగే రెక్కలకు తగిలిందా, కథ కంచికే. రాస్తుంటేనే నాకు టెన్షన్.

కానీ కుదిరింది. 1967 మే 31న రెండు జాలీ గ్రీన్లు న్యూయార్క్‌లో లేచి, దారిలో తొమ్మిదిసార్లు ఇంధనం తాగి, ఎక్కడా దిగకుండా మర్నాటికి పారిస్ చేరాయి. 30 గంటల 46 నిమిషాలు. 1927లో అదే దారిలో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ఎగిరిన లిండ్‌బర్గ్ విమానానికి ముప్ఫై మూడున్నర గంటలు పట్టిందిలే! రికార్డు సంగతి అలా ఉంచు. అసలు లాభం ఏంటంటే, ఎవరు కూలతారో తెలియనప్పుడు కూడా ముందే వెళ్లి గాల్లో కాచుకుని ఉండొచ్చు.

2021 నవంబరులో మీ అనంతపురం వైపు చిత్రావతిలో జేసీబీ మీద చిక్కుకున్న పదిమందిని ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ ఎంఐ-17 తీసుకొచ్చింది గుర్తుందా? అదీ పుట్టుకతో రవాణా బండే. 2022లో జార్ఖండ్‌లో త్రికూట్ కొండ రోప్‌వే మీద జనం చిక్కుకున్నప్పుడైతే దాని రెక్కల గాలికే క్యాబిన్లు ఊగిపోయాయి. ఇక 2024లో ఖమ్మం మున్నేరు వంతెన మీద తొమ్మిదిమంది ఎదురుచూస్తుంటే వాతావరణం బాగోక హెలికాప్టర్ రాలేదు. జేసీబీయే వచ్చింది.

బరువు లెక్క తేల్చినా కళ్లు కావాలన్నమాట. దానికీ అమెరికావాళ్లు అప్పట్లోనే ఓ దారి వెతికారు. పెద్ద హెచ్‌హెచ్-53కి నేల ఎత్తుపల్లాలు చూసే రాడార్, చీకట్లో వేడిని పసిగట్టే కెమెరా పెట్టి 'పేవ్ లో' అన్నారు. తీరా 1980లో ఇరాన్‌లో బందీలను విడిపించే ప్రయత్నం బెడిసికొట్టాక, వాటిని కమాండోల దళం పట్టుకుపోయింది. కూలినవాళ్ల కోసం పెట్టిన కళ్లు ఇంకెవరికో వెళ్లాయి. నాకైతే ఇది ఇప్పటికీ మింగుడు పడదు.

ఒక్క ముక్క మర్చిపోయా. తిరిగే రెక్కల వల్ల హెలికాప్టర్ ఒంట్లో కరెంటు పోగవుతుంది. పైనుంచి దిగే కొక్కేన్ని ముందు నేలకో నీళ్లకో తాకనివ్వాలి, ఆత్రపడి ముందే చేత్తో పట్టుకుంటే షాక్ కొట్టి పడేస్తుంది. కొట్టుకుపోతున్న మనిషి తాడు కనిపిస్తే ఆగుతాడా చెప్పు! మీవైపు ఆ జేసీబీ మీదున్నవాళ్లెవరైనా నీకు తెలిసినవాళ్లుంటే ఇది అడిగి రాయి.

సంక్రాంతికి వస్తావుగా, చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
రాంబాబు