ఆదివారం సినిమా: చావులో నవ్వు

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం మన విజయనగరం సినిమా బృందం సభ్యులం కలిసి చూసేది 1983 నాటి హిందీ హాస్య సినిమా ‘జానే భీ దో యారో’. దర్శకుడు కుందన్ షా.

చావు మీద నవ్వడమేంటని కొందరు అడిగారు. మనం నవ్వేది పోయిన మనిషిని చూసి కాదండి. ఈ సినిమాలో ఒక మున్సిపల్ కమిషనర్ శవం ద్రౌపది వేషంలో నాటకం స్టేజీ ఎక్కుతుంది. దాన్ని దక్కించుకోవాలని బతికున్నవాళ్లు పడే పాట్లు, వాళ్ల భయం, దురాశ నవ్విస్తాయి. మన ఊళ్లలో తెల్లవార్లూ పౌరాణికాలు చూసినవాళ్లకి ఆ సీను మరీ నచ్చుతుంది.

వచ్చే నెల మలయాళం ‘ఈ.మ.యౌ.’ చూద్దాం. తండ్రికి ఘనంగా అంత్యక్రియలు చేస్తానని మాటిచ్చిన కొడుకు అవస్థ అది. నవ్వుతుండగానే గొంతు పట్టేస్తుంది.

ఈమధ్య ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు రాలేకపోతే పర్వాలేదు, సంజాయిషీ ఏమీ అక్కర్లేదు.